పంచనామా రాసినవాడి ఉత్తరం

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్వీడన్ దేశపు పోలీసు నవల ‘ది లాక్డ్ రూమ్’ మీద వ్యాసం వెలువడిన నాటి నుంచి పాఠకుల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. కుళ్లిన శవం పక్కన హాస్యమాడడం అమానుషమని కొందరు, ఇంతకాలానికి పోలీసుల అసలు బతుకు తెలిసిన నవల దొరికిందని కొందరు, నేరస్థుడికి సరైన శిక్ష పడని డిటెక్టివ్ నవల డబ్బు దండుగ అని మరికొందరు రాశారు. కానిస్టేబులుగా చేరి, ఉద్యోగంలో ఎక్కువ కాలం స్టేషన్ రైటరుగా, అంటే స్టేషను కాగితాలు రాసేవాడిగా పనిచేసి, ఏఎస్సైగా పదవీ విరమణ పొంది నల్లగొండలో స్థిరపడినవాణ్ని కనుక ఈ వాదంలో నాకూ ఒక మాట చెప్పాలనిపించింది. ఆ నవలలోని నవ్వు ఎక్కడ పుట్టిందో ఉత్తరాలు రాసినవారెవరూ పట్టించుకున్నట్టు కనబడదు. జరిగిన సంగతికీ, ఫైలులోకి ఎక్కిన సంగతికీ నడుమ ఎప్పుడూ కొంత ఎడం ఉంటుంది. ఆ ఎడంలోంచి పుట్టిన నవ్వు అది. రోజూ ఆ ఎడాన్ని కాగితాలతో పూడ్చడమే ఉద్యోగంగా బతికినవాడికి అది మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది.

చదవని వారి కోసం కథ కొద్దిగా చెప్పవలసి ఉన్నది. మై షోవాల్, పెర్ వాలూ అనే జంట రచయితలు 1965 నుంచి 1975 దాకా మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారి చుట్టూ పది నవలలు రాశారు. పదింటినీ కలిపి ‘ఒక నేరం కథ’ అన్నారు. ఇద్దరూ పత్రికల్లో పనిచేసినవారు, వామపక్ష భావాలు గలవారు. 1965 జనవరి 1న స్వీడన్‌లో ఊరూరి పోలీసులను కలిపేసి ఒకే జాతీయ వ్యవస్థ కిందికి తెచ్చారు. ఆ మార్పు మీద వీరికున్న కోపం ఆ నవలలన్నింటిలో ఏదో ఒక మూల పొగ వదులుతూనే ఉంటుంది. 1972లో వచ్చిన ‘ది లాక్డ్ రూమ్’ వరుసలో ఎనిమిదవది. అందులో రెండు కేసులు పక్కపక్కన నడుస్తాయి. ఒక స్త్రీ బ్యాంకును దోచుకోవడానికి వెళ్లి, అడ్డం వచ్చిన మనిషిని కాల్చి చంపుతుంది. మరోవైపు స్వేర్డ్ అనే ఒంటరి ముసలివాడు లోపల గడియ వేసి ఉన్న తన గదిలో చచ్చిపడి ఉంటాడు. ఎవరూ పట్టించుకోక శవం వారాల తరబడి అట్లాగే ఉండిపోతుంది. ఒంట్లో తూటా ఉన్నది, గదిలో తుపాకీ లేదు. అయినా మొదట వెళ్లిన పోలీసులు దానిని ఆత్మహత్య కింద కట్టేశారు. తూటా దెబ్బ తిని చాలాకాలం మంచాన పడి అప్పుడే డ్యూటీలో చేరిన బెక్‌కు, తేలికపాటి పని కదా అని ఆ పాత ఫైలును అప్పగిస్తారు.

ఈ పుస్తకాన్ని మేము నల్లగొండలో ఒక చిన్న గుంపుగా చదివాము. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు ప్రతి మా దగ్గర ఉన్నది. తెలుగు లెక్చరరుగా పనిచేసిన పెద్దమనిషి ఒకరు సాయంత్రాల పూట దానిని పేజీ పేజీ చూసుకుంటూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారు. వినేవాళ్లలో క్రిమినల్ కేసులు చూసే వకీలు ఒకాయన, బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన ఒకామె, ఆర్టీసీలో కంట్రోలరుగా చేసిన ఒకతను, తిప్పర్తి వైపు నుంచి వచ్చే ఒక ముసలి రైతు, నేను. మీ పత్రికకు వచ్చిన ఉత్తరాల్లో ఎన్ని రకాల అభిప్రాయాలున్నాయో మా గుంపులోనూ అన్నీ ఉన్నాయి. శవం ఉన్న గది వర్ణన చదివినప్పుడు కంట్రోలరు లేచి నిలబడి, ‘‘గదేం నవల సార్, సచ్చినోని కాడ నవ్వుడేంది?’’ అని చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. మరునాడు అందరికన్న ముందే వచ్చి కూర్చున్నాడు, అది వేరే సంగతి.

ఆయన ప్రశ్నే మీ ఉత్తరాల్లో ఎక్కువగా కనబడుతున్నది కనుక దాని దగ్గర కొంచెంసేపు ఆగుతాను. అనుమానాస్పద మరణం జరిగినప్పుడు పోలీసులు శవ పంచనామా చేయాలి. మా కాలంలో దానిని సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 174 అనేవాళ్లము. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 194వ సెక్షను అయింది. నంబరు మారింది గానీ ఎండాకాలంలో కాలువలో తేలిన శవం మారదు. సాగర్ ఎడమ కాలువ గట్టు మీద అట్లాంటి పంచనామా ఎట్లా జరుగుతుందో చూసినవారికి ఆ నవలలోని మొదటి అధ్యాయాలు కొత్తగా అనిపించవు. గాలి ఎటు వీస్తున్నదో చూసుకొని రైటరు కూర్చుంటాడు. చేతిరుమాలులో కర్పూరం బిళ్లలు నలిపి ముక్కుకు కట్టుకుంటారు, అగరుబత్తీలు కట్టకు కట్ట ముట్టించి గట్టు మట్టిలో గుచ్చుతారు. ఫారంలో గళ్లు ఉంటాయి: మృతుడి ఒంటి మీద ఏమేమి ఉన్నవి, గాయాలు ఎక్కడెక్కడ ఉన్నవి, చివరిసారి ప్రాణంతో చూసినవారు ఎవరు, మరణానికి కారణం ఏమని పంచుల, అంటే సాక్షులుగా పిలిచిన ఊరివాళ్ల అభిప్రాయం. ఆ పంచులు ఎంతో దూరాన తుమ్మచెట్టు నీడన నిలబడి ఉంటారు. అభిప్రాయం అడిగితే ‘‘మీరెట్ల రాస్తె అట్లనే సార్, కోర్టుకు మాత్రం రాకుంట చూడుండ్రి’’ అంటారు. కాగితం మీద అది ‘పంచాయతుదారులమైన మేము శవమును క్షుణ్ణంగా పరిశీలించి ఏకగ్రీవంగా అభిప్రాయపడడమైనది’ అవుతుంది.

అట్లాంటి ఒక పంచనామాలో మృతుడి అన్న గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను ఒంటి మీది వస్తువుల గడి నింపుతూ చేతి గడియారం అని రాయబోతుంటే ఏడుపు ఆపి నా దగ్గరకు వచ్చి, ‘‘సార్, గా గడియారం నాది. పెండ్లికి పోతనని అడిగి పెట్టుకున్నడు. గది పంచనామల రాయకుండ్రి, మళ్ల కోర్టు నుంచి ఎప్పుడు ఇడిపించుకోవాలె?’’ అన్నాడు. అని మళ్లీ తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చొని మునుపటిలాగే ఏడ్చాడు. ఆ ఏడుపులో గాని, గడియారం అడగడంలో గాని దొంగతనమేమీ లేదు. అక్కడున్న కానిస్టేబులు ముఖం తిప్పుకొని నవ్వాడు; ఆ నవ్వూ చనిపోయిన పిల్లవాడి మీద కాదు. గడియారాన్ని పంచనామాలో రాశాము, రాయక తప్పదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నవలలో స్వేర్డ్ గదిలోకి మొదట వెళ్లిన పోలీసులు వాసన భరించలేక పని తొందరగా ముగించుకొని బయటపడాలనుకుంటారు. లోపలి నుంచి గడియ ఉన్నది కాబట్టి బయటివాడు రాలేదు, బయటివాడు రాలేదు కాబట్టి ఆత్మహత్య, గడి నిండింది. తుపాకీ ఏమైంది అన్న ప్రశ్నకు ఫారంలో గడి లేదు. ఆ తరువాత ఆ కాగితాన్ని చూసిన ప్రతివాడూ గడులు నిండాయో లేదో చూశాడే గాని తుపాకీ సంగతి అడగలేదు. బెక్ చేసిన గొప్ప పరిశోధన ఏమిటంటే ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదవడం. పాఠకుడికి నవ్వు వచ్చేది ఇక్కడ. దానిని శవం మీది వెటకారంగా తీసుకున్నవారు ఆ అధ్యాయాన్ని ముక్కు మూసుకొని చదివారని అనుకుంటున్నాను, ఆ పోలీసుల మాదిరిగానే. గది గడియ రహస్యాన్ని నేను ఇక్కడ విప్పను. చాలా మామూలు కారణం అది, మామూలుది కావడమే దాని అందం.

ఒక పాఠకురాలు ఈ నవలలో సాక్షులందరూ ఒకేలా మాట్లాడుతారని తప్పు పట్టారు. ఆమె గమనించినది నిజమైతే అది రచయితల సామర్థ్యమే అంటాను. దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదన్నది చట్టం. పాత సీఆర్‌పీసీ 162లోనూ, కొత్త సంహిత 181లోనూ అదే మాట. మంచి ఉద్దేశంతోనే పెట్టారు, పోలీసులు బెదిరించి సంతకం తీసుకుంటారేమోనన్న భయంతో. దాని ఫలితం మాత్రం విచిత్రంగా ఉంటుంది. గొర్రెల కాపరి, కాలేజీ లెక్చరరు, పూలమ్మే ముసలమ్మ, ఆర్‌ఎంపీ డాక్టరు అందరూ ‘నేను పైన తెలిపిన చిరునామాలో నివాసముంటూ’ అనే మొదలుపెడతారు, ‘ఇది తప్ప నాకు మరేమీ తెలియదు’ అనే ముగిస్తారు. ఆ గొంతు వాళ్లది కాదు, స్టేషన్ రైటరుది. ఒక జిల్లా కోర్టులో ఏ మూల కేసు తీసినా చదవడం వచ్చిన వకీలు ఇది ఏ రైటరు రాసిన కేసో చెప్పగలడు. ఫైలులోని మనుషులు ఈ విధంగా ఒకే అచ్చులో పోసినట్టు తయారై కోర్టు బోనులోకి వచ్చేసరికి, గొర్రెల కాపరి గొర్రెల కాపరి లాగానే మాట్లాడి కేసును పడగొడతాడు. దీని మీద ఒక నవల తెలుగులో వస్తే బాగుండునని చాలాకాలంగా నా కోరిక.

ఇక హద్దుల సంగతి. ఆ నవలలో రెండు కేసులకూ సంబంధమున్న మనిషి ఒకడే ఉంటాడు, మౌరిట్‌సన్ అని. అతని ఒక సగం బ్యాంకు దోపిడీల కోసం ఏర్పాటైన ప్రత్యేక దళం చేతిలో ఉంటుంది, రెండో సగం బెక్ చేతిలో ఉంటుంది. ఇవతలి గది వారికి తెలిసినది అవతలి గది వారికి అక్కరలేదు. ‘ఇంత మూర్ఖంగా ఏ పోలీసు శాఖ ఉంటుంది’ అని ఒకరు మీకు రాశారు. ఆ పెద్దమనిషి కాలువ పక్క ఊళ్లలో వాకబు చేస్తే బాగుండేది. రాత్రి పూట తేలుతూ వచ్చిన శవాన్ని కర్రతో మెల్లగా నెట్టి పక్క స్టేషన్ హద్దులోకి సాగనంపిన కథ, మన దగ్గర ఏ కాలువ వెంబడి అడిగినా దొరుకుతుంది. చెప్పేవాడు ఎప్పుడూ ఎగువ ఊరివాడే, నెట్టినవాడు మాత్రం అంతకన్న ఎగువ ఊరివాడు. జీరో ఎఫ్‌ఐఆర్ వచ్చాక, ఇప్పుడు కొత్త సంహిత 173వ సెక్షనులోనే చేరాక, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. కాగితం మీద హద్దు పోయింది. అయితే హద్దు అనేది ఎంత బలమైనదో 2023 నవంబరు నెలాఖరున మన నాగార్జునసాగర్ మీదనే చూశాము. తెలంగాణలో పోలింగు జరగబోయే వేళ ఆంధ్రప్రదేశ్ పోలీసులు 26 గేట్లలో సగం దాకా వచ్చి ముళ్లకంచె వేసుకోవడం, ఇటువైపు పోలీసులు వారికి ఎదురు నిలవడం, చివరకు ఆనకట్ట కాపలాకు కేంద్ర బలగాలు రావడం పత్రికల్లో చదివినదే. ఎవరి పక్షం న్యాయమన్నది నేను మాట్లాడను. ఆ రాత్రి గేట్ల నడుమ నీళ్లలో ఒక శవం తేలి ఉంటే పంచనామా ఎవరు రాసేవారని మా వకీలు మిత్రుడు అడిగిన ప్రశ్నకు మాలో ఎవ్వరికీ జవాబు తోచలేదు. నవ్వు మాత్రం అందరికీ వచ్చింది.

ముగింపు మీద వచ్చిన కోపం గురించి చెప్పాలి. మీ పాఠకులు ఇప్పటికే బయటపెట్టేశారు కాబట్టి దాచవలసినదేమీ లేదు: మౌరిట్‌సన్ తాను చేసిన స్వేర్డ్ హత్య నుంచి నిర్దోషిగా బయటపడతాడు, తాను చేయని బ్యాంకు హత్యకు శిక్ష పొందుతాడు. బ్యాంకులో కాల్చిన స్త్రీ పట్టుబడదు. ఇది పాఠకుడిని మోసగించడమని ముగ్గురు నలుగురు ఆగ్రహించారు. వారి కోపానికి మూలం నాకు అర్థమవుతుంది. మనమంతా అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను, ఆయన అసిస్టెంటు రాజును చదివి పెరిగినవాళ్లము. నేనూ డ్యూటీ లేని రాత్రుల్లో దీపం కింద వాటిని నమిలినవాణ్నే. ఆ నవలల్లో పరిశోధన చేసేది ప్రైవేటు మనిషి. అతనికి కేసు డైరీ లేదు, ఉదయం పదింటికి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టవలసిన కాగితం లేదు, చార్జిషీటు గడువు లేదు. నిజం తెలిస్తే చాలు, కథ ముగుస్తుంది. స్టేషనులో నిజం తెలియడంతో కథ మొదలవుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టం పోలీసు అధికారి ఎదుట ఒప్పుకున్న నేరాన్ని నిందితుడి మీద రుజువుగా వాడరాదన్నది. దాని స్థానంలో 2024లో అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టమూ 23వ సెక్షనులో ఆ మాటను నిలబెట్టింది. దాని వల్ల నిందితుడు ఎదురుగా కూర్చొని అంతా చెప్పినా, అతను చూపించిన చోట దొరికిన కత్తిని, ఆ కత్తి దొరికినప్పుడు ఉన్న పంచులను, ఆ పంచులు కోర్టులో మాట మార్చకుండా ఉండడాన్ని నమ్ముకొనే కేసు నిలబడాలి. ఆ నియమం తప్పని నేననను. అది లేకపోతే ఏమయ్యేదో స్టేషనులో పనిచేసినవాడికే బాగా తెలుసు.

మా వకీలు మిత్రుడు ముగింపు విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ‘‘రికార్డు ప్రకారం రెండు తీర్పులూ కరెక్టే’’ అన్నాడు. అంతకన్న భయంకరమైన మాట ఆ నవలలోనూ లేదు. క్యాషియరుగా చేసినామె వెంటనే, ‘‘అంటే జడ్జి గారిది తప్పు లేదు, పోలీసుది తప్పు లేదు, సాక్షిది తప్పు లేదు, జైలుకు పోయినవాడు హంతకుడే అయినా ఆ హత్యకు కాదు. మరి మనకు నవ్వు ఎట్లా వస్తున్నది అన్నగారూ?’’ అని అడిగింది. ఆమె కోపంగానే అడిగింది, ఆయన దగ్గర సమాధానం లేదు. న్యాయం తప్పిపోయిన కథను గంభీరంగా చెప్పి ఉంటే అందరమూ ఒక నిట్టూర్పు విడిచి ఇంటికి వెళ్లేవాళ్లమని, ఈ విధంగా చెప్పినందుకే రాత్రంతా ఆ తీర్పు బుర్రలో తిరిగిందని నేను అనుకుంటున్నాను.

నవలలో అంతా బాగున్నదని చెప్పడం లేదు. బ్యాంకు దోపిడీల ప్రత్యేక దళానికి నాయకుడైన ప్రాసిక్యూటరును అందరూ ‘బుల్డోజర్’ అని పిలుస్తారు. ముదురు రంగుల టైలు కట్టుకొని ఎగిరెగిరి పడే ఆ మనిషి మొదట ముచ్చటగానే ఉంటాడు. పోనుపోను ఆయన వచ్చినప్పుడల్లా పాఠకుడు నవ్వడానికి సిద్ధంగా ఉండాలన్నట్టు రచయితలు మోచేత్తో పొడుస్తుంటారు. ఖాళీ ఫ్లాటు మీద దళం దాడి చేసి తనను తానే గాయపరచుకునే ఘట్టాన్ని కొందరు పాఠకులు పుస్తకానికే తలమానికం అన్నారు. నాకు అది సినిమా హాస్యంలాగా తోచింది. అక్కడ ఎడం ఏమీ లేదు, పోలీసులు జారి పడ్డారు, అంతే. జారి పడే పోలీసును చూసి ఎవరైనా నవ్వగలరు, దానికి నవల అక్కరలేదు. రచయితలు కథను పక్కన పెట్టి స్వీడన్ ప్రభుత్వం మీద ఉపన్యాసాలకు దిగిన పేజీలు ఇంకా బరువు. మా లెక్చరరు గారు వాటిని చదివేటప్పుడు గొంతు పెంచేవారు, మేము టీ తెప్పించుకునేవాళ్లము. ముసలివాడి గది కథ ఒక్కటే అయి ఉంటే ఈ పుస్తకం సగం మందమై, రెండింతలు పదునుగా ఉండేది. బ్యాంకు లోపలి మొదటి దృశ్యం మాత్రం చాలా నిజమని క్యాషియరుగా చేసినామె సాక్ష్యమిచ్చారు.

చావు దగ్గర నవ్వడం మన సంస్కృతి కాదని మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు రాశారు. పాలమూరు పెద్దమనిషి ఆ మాట అనడం నాకు ఆశ్చర్యంగా ఉన్నది. మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు ఏమి జరుగుతుందో ఆయన ఎన్నడూ చూడలేదా? వండినవన్నీ విస్తట్లో వడ్డించి, చనిపోయినవాడికి ఇష్టమైన కల్లో, మాంసమో, బీడీ కట్టో పక్కన పెట్టి దూరంగా నిలబడతారు. కాకి రాదు. అప్పుడు మొదలవుతుంది: ‘‘చిన్నకోడలు రాలేదని అలిగిండా?’’ ‘‘అప్పు తీర్చలేదని సూస్తున్నడు, తీరుస్తనని చెప్పురా ఇగ!’’ ‘‘కల్లు పులిసింది, ఈతకల్లు తెమ్మను!’’ ఏడుస్తున్న ఆడవాళ్లే నవ్వుతారు, నవ్వుతున్నవాళ్లే కాకి దిగగానే మళ్లీ ఏడుస్తారు. ఇక పోలీసు దర్యాప్తును చూసి నవ్వడమంటారా, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో జరిగినది ఏమిటి? ఆడవేషం వేసిన శిష్యుణ్ని లుబ్ధావధాన్లకు కట్టబెడితే, ఆ పెళ్లికూతురు మాయమయ్యాక ముసలాయన మీద ఖూనీ కేసు వచ్చి పడుతుంది. చచ్చినట్టు చెబుతున్న మనిషి అసలు పుట్టనే లేదు. అయినా హెడ్డు కనిస్టీబు ఉన్నాడు, సాక్షులున్నారు, చేతులు మారే డబ్బు ఉన్నది. శవం లేకుండా ఫైలు తయారవడాన్ని చూసి తెలుగువాళ్లు ఇన్ని తరాలుగా నవ్వుతున్నారు. స్వీడన్ వాళ్ల పుస్తకంలో తుపాకీ ఒక్కటే లేదు, గురజాడ వారి నాటకంలో హతురాలే లేదు.

అయినా ఈ నవలను చూసి నవ్వలేకపోయిన ఒకరితో నేను వాదించలేదు. తిప్పర్తి వైపు నుంచి వచ్చే ముసలి రైతు పుస్తకమంతా విన్నాడు, ఒక్కసారి కూడా పెదవి కదపలేదు. చివరి రోజున అడిగితే, ‘‘మీకు పోలీసంటే డ్యూటీ. మాకు పోలీసంటే క్యాంపు’’ అన్నాడు. ఆయనకు అప్పుడు చిన్నతనం. 1948 సెప్టెంబరులో నిజాం సైన్యం లొంగిపోయిన తరువాత, సాయుధ పోరాటం విరమించే 1951 దాకా మన పల్లెల్లో క్యాంపులు పెట్టి మనుషులను ఎట్లా పట్టుకుపోయారో వాళ్ల ఇంట్లో ఇంకా చెప్పుకుంటారు. అంతకు ముందటి అమీనుల (నిజాం కాలపు పోలీసు అధికారుల) సంగతి, రజాకార్ల సంగతి వాళ్ల నాయన చెప్పగా విన్నాడు. ఆ ఇంటి మనిషికి పోలీసు ఫైలులో తప్పు గడి నిండితే నవ్వు రాదు. మీ పత్రికకు వచ్చిన వ్యతిరేక ఉత్తరాలన్నింటిలోనూ ఈ ఒక్క మాటకు సాటి వచ్చేది నాకు కనబడలేదు.

చివరగా, ఒక కానిస్టేబుల్ భార్య రాసిన ఉత్తరం. ఇట్లాంటి పుస్తకాలు పోలీసులను నవ్వులపాలు చేసి, వాళ్ల మనోబలాన్ని దెబ్బ తీస్తాయని ఆ సోదరి బాధపడ్డారు. అమ్మా, మీ ఆయన చెరువుగట్టు జాతర బందోబస్తు ముగించుకొని, ఆ వెంటనే పెద్దగట్టుకు వెళ్లి, అక్కడి నుంచి ఎవరో పెద్దమనిషి పర్యటనకు రోడ్డు పక్క నిలబడి, కాళ్లు వాచి ఇంటికి వచ్చిన రాత్రి ఈ నవలను పక్కన పెట్టి చూడండి. అందులో మార్టిన్ బెక్ ఒక్కడే నిజాన్ని కనిపెడతాడు. మూసిన గదిలో హత్య ఎట్లా జరిగిందో చెప్పినందుకు, పాపం ఈ మనిషి జబ్బు నుంచి ఇంకా కోలుకోలేదు, ఏవేవో ఊహించుకుంటున్నాడు అని పైవాళ్లు అనుకుంటారు. రావలసిన ప్రమోషన్ ఆగిపోతుంది. మీ ఆయన ఆ పేజీలు చదివి నొచ్చుకుంటాడని మీరనుకుంటున్నారు. తోటి కానిస్టేబుళ్లకు చదివి వినిపిస్తాడని నేనంటాను. పుస్తకం దొరక్కపోతే మా ప్రతి ఇప్పుడు ఖాళీగానే ఉన్నది. అట్ట ఊడిపోయింది, పేజీలు మాత్రం అన్నీ ఉన్నాయి.

ఇట్లు,
విశ్రాంత ఏఎస్సై ఒకరు,
నల్లగొండ